ఐలేశం నడుము, ఊరి గుండు

ఐలేశానికి లోకం మీద నమ్మకం తక్కువ. గొర్లు కాసేవాడికి ఆ మాత్రం అనుమానం ఉండాల్సిందే అనుకోండి. తోడేలు రాదని నమ్మి కునుకు తీసినవాడి మందలో తెల్లారేసరికి రెండు తలలు తక్కువ పడతాయి. కానీ ఐలేశం అనుమానం తోడేళ్ల దగ్గర ఆగేది కాదు. పొద్దున్నే ఎవరైనా పలకరిస్తే, ఎందుకు పలకరించాడా అని పొద్దుగూకేదాకా ఆలోచించేవాడు. పలకరించకపోతే ఇక అన్నమే సయించేది కాదు. "నీ అనుమానానికి ఏ దవాఖానల మందు దొరుకుతదో చెప్పు, ఉన్న గొర్లన్నీ అమ్మి తెస్త" అని భార్య అండాలు ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. ఆ మాట కూడా ఆమెకు ఎవరో నేర్పించారని అతని అనుమానం.

తిరుమలగిరికి రెండు కోసుల దూరం వాళ్ల ఊరు. చావడి ముందు ఒక నల్లటి రాతి గుండు ఉండేది. వడ్ల బస్తా కన్నా బరువు, పట్టుకుందామంటే ఎక్కడా పట్టు దొరకనంత నున్నన. దసరా నాడు జమ్మికి బయలుదేరే ముందు ఆ గుండును ఎవడైనా మోకాళ్ల మీదికి, అక్కణ్ణుంచి రొమ్ము మీదికి, అక్కణ్ణుంచి భుజం మీదికి ఎత్తి వెనక్కి పడేయాలి. ఎత్తినవాడి తలకు, ఊరి శిస్తు వసూలు చేసే మాలీపటేల్ తన చేతులతో ఎర్రటి రుమాలు చుడతాడు. ఆ రోజు ఊరంతా అతని వెనక నడుస్తుంది. ఏడేళ్లుగా ఆ తల ఐలేశానిదే.

మీకు ఇది పిల్లల ఆటలా కనిపించవచ్చు. ఏడాదిలో మిగతా రోజులన్నీ "ఓ గొర్లోడా, నీ మంద నా చేన్ల పడ్డది" అని పిలిపించుకునే మనిషికి ఆ ఒక్క పూట ఏమిటో ఆ మనిషికే తెలుస్తుంది. పటేల్ వేళ్లు తన చెవుల వెనక రుమాలు బిగిస్తుంటే ఐలేశం కళ్లు మూసుకునేవాడు. ఆ పూట అతనికి ఎవరి మీదా అనుమానం ఉండేది కాదు.

అతనికంటే ముందు ఆ రుమాలు జంగయ్యది. జంగయ్య కాపు, రెండెకరాల తరి పొలం, మోటబావి, ఆ పక్కన జొన్న చేను ఉన్నవాడు. ఐలేశం గెలిచిన ఏటి నుంచి ప్రతి దసరాకూ గుండును రొమ్ము దాకా తెచ్చి వదిలేసేవాడు. ఇద్దరి మధ్య మాటల్లేవు. దసరా నాడు ఊళ్లో పగవాళ్లు కూడా జమ్మి ఆకు చేతిలో పెట్టి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటారు. ఈ ఇద్దరు మాత్రం ఏడేళ్లుగా ఒకరు ఈ వీధిన వస్తే ఒకరు ఆ వీధిన పోయేవాళ్లు.

నైజాం రాజ్యం పోయి పదేళ్లు, కొత్త రాష్ట్రం వచ్చి రెండేళ్లు అయిన ఏడు అది. ఆషాఢంలో ఒకనాడు ఐలేశం పొట్టేలు ఊరవతలి పాత దిగుడుబావిలో పడింది. దాన్ని మెడ మీద వేసుకుని మెట్లెక్కాడు. ఇంకో మూడు మెట్లు ఉన్నాయనగా అది బెదిరి కాళ్లు విదిలించింది. నడుములో 'టక్' మన్న చప్పుడు ఐలేశానికి చెవితో విన్నంత స్పష్టంగా వినిపించింది. ఎలాగో పొట్టేలును గట్టున పడేసి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. అంత నొప్పిలోనూ అతను మొదట చేసిన పని చుట్టూ చూడటం. ఎవరైనా చూశారా? ఎవరూ లేరు, గొర్లు తప్ప. గొర్లు ఎవరికీ చెప్పవు, అదొక్కటే ఊరట.

గుండు ఎత్తేవాడి నడుము పొట్టేలు విరగ్గొట్టిందంటే ఊళ్లో తలెత్తుకోగలడా! అందుకని "పక్క పట్టింది" అని ఇంట్లో చెప్పి పడుకున్నాడు. నాలుగు రోజులకు అండాలు నీళ్ల బిందె నెత్తి మీంచి దించమన్నది. "జర ఆగు" అన్నాడు. మరి కాసేపటికి మళ్లీ అడిగింది. మళ్లీ "జర ఆగు" అన్నాడు. ఆమె బిందె తనే దించుకుని, చెంగుతో మొహం తుడుచుకుని, "లెవ్వు, తిరుమలగిరి పోదాం" అన్నది.

తిరుమలగిరి బజారులో పీర్ మహమ్మద్ అని, నైజాం పల్టన్‌లో కంపౌండర్ పని చేసివచ్చిన పెద్దాయన ఒక చిన్న గదిలో మందులిచ్చేవాడు. చుట్టుపక్కల ఊళ్లకు డాక్టర్ సాబ్ ఆయనే.

"ఎట్లయింది ఐలేశం?"

"పండుకుంటే పట్టింది సాబ్."

"పండుకుంటే గిట్ల పట్టదు. ఏమెత్తినవ్?"

ఐలేశం అనుమానం చెవులు నిక్కబొడుచుకుంది. "ఎత్తిన్నని ఎవరు చెప్పిండ్రు సాబ్?"

"నీ నడుమే చెప్తాంది" అని నవ్వి, పీర్ మహమ్మద్ వేళ్లతో వెన్ను పొడుగునా నొక్కుకుంటూ వచ్చాడు. ఒకచోట నొక్కగానే ఐలేశం కేక బజారంతా వినిపించింది. పెద్దాయన నవ్వు ఆపేశాడు. "నల్లగొండ పో. పెద్ద దవాఖానల ఫోటో తీస్తరు. అప్పటిదాక వజన్ ఎత్తుడు బంద్. దసరాకు గుండు గిట్ల ముట్టేవు, జర యాదిపెట్టుకో."

దారి పొడుగునా ఐలేశం ఆ ఆఖరి మాటనే నమిలాడు. నడుము సంగతి అడిగితే గుండు సంగతి ఎందుకొచ్చింది? పీర్ మహమ్మద్ ఇంటికి ఏటా జొన్నలు ఎవరి చేను నుంచి వస్తాయి? జంగయ్య చేను నుంచి. ఇంకేం కావాలి!

"జొన్నలు తిన్నోడు జొన్నల మాట మాట్లాడడా?" అన్నాడు అండాలుతో.

"మనం గూడ జంగయ్య జొన్నలే తింటున్నం. మరి నువ్వెందుకు మాట్లాడవు?" అన్నది ఆమె.

నల్లగొండ దవాఖానలో డాక్టరు కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. సన్నగా, చొక్కా నలగకుండా ఉన్నాడు. ఐలేశాన్ని చూసి, "కూర్చోండి, మీకు నొప్పి ఎక్కడండీ?" అన్నాడు. ఐలేశం వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. తననే 'మీరు' అన్నాడు! పుట్టి ముప్పై ఆరేళ్లయింది, తనను ఎవడూ 'మీరు' అన్నది లేదు. ఊరికే ఎవడంటాడు? మేకను కోసే ముందు ఒళ్లు నిమిరినట్టే కదా.

ఫోటో తీశారు. డాక్టరు ఆ ఎముకల ఫోటోను కిటికీ వెలుతురుకు పెట్టి వేలితో చూపించాడు. "ఇదిగో, ఈ పూస చూడండి. కింది పూస మీంచి ముందుకు జారింది. మీరు ఇక బరువులు ఎత్తకూడదండీ. ఇప్పుడే కాదు, ఎప్పుడూను."

"ఇది నాదేనా సారు?"

"మీదేనండీ."

"నా మొకం లేదు గదా. బొక్కలు అందరివి ఒక్కతీరే ఉంటయి. నాదే అని ఎట్ల నమ్మాలె?"

అండాలు సిగ్గుతో చచ్చిపోయింది. తనే ముందుకు వచ్చి, "ఎత్తితే ఏమైతది సారు, ఉన్నదున్నట్టు చెప్పు" అన్నది.

"ఇంకొంచెం జారిందంటే కాళ్లు పడిపోవచ్చమ్మా. మంచం మీదే ఉండాల్సి వస్తుంది. అప్పుడు నేను చేయగలిగేదేమీ ఉండదు."

బయటికి వచ్చాక అండాలు వరండా స్తంభం పట్టుకుని నిలబడింది. ఐలేశం మాత్రం ఆమెను చూడటం లేదు. వరండా చివర బల్ల మీద, ముఖాన తువ్వాల కప్పుకుని ఒకడు కూర్చున్నాడు. ముఖం కప్పుకుంటే మాత్రం ఆ మెడ దాగుతుందా! ఏడేళ్లుగా ఆ మెడ గుండు కింద ఉబ్బటం చూస్తున్నాడు తను. జంగయ్య!

లోపల్నుంచి జవాను వచ్చి పిలవగానే తువ్వాల మనిషి లేచి డాక్టరు గదిలోకి పోయాడు. తలుపు మూసుకుంది.

"చూసినవానే?" అన్నాడు ఐలేశం. "చెప్పాల్సింది చెప్పిచ్చిండు, ఇప్పుడు ముట్టజెప్పనీకి పోయిండు. పైస ఎంత పని చేస్తది! అందుకే గా డాక్టర్ నన్ను మీరు మీరు అన్నడు."

"ఆయినకు ఏం రోగమొచ్చిందో ఎవలకెరుక!"

"రోగమా? మోట కొట్టేటోనికి రోగమా? నువ్వు గూడ వాళ్ల దిక్కేనా? ముందుగాల డాక్టర్ను ఎత్తితే ఏమైతది అని అడిగింది నువ్వే గదా."

అండాలు అప్పుడు చూసిన చూపు ఐలేశానికి చాలా రోజులు గుర్తుంది. "విను" అన్నది ఆమె. "గొర్లు నేను కాస్త. కట్టెలు నేను కొడ్త. గుండెత్తి నువ్వు మంచాన పడితే దినాం నిన్ను ఎత్తి కూసోవెట్టుడు మాత్రం నాతోని కాదు. నేను నీ అసొంటి పయిల్వాన్ను కాదు."

డాక్టర్లు ఇద్దరూ అమ్ముడుపోయారని తేలాక, ఐలేశానికి మిగిలింది జానమ్మ. ఆమె పక్క ఊరి ముసలమ్మ, ఎదురుకాళ్లతో పుట్టింది. తల్లి కడుపులోంచి కాళ్లు ముందుగా వచ్చినవాళ్లు తొక్కితే నడుంపట్టు వదులుతుందని చుట్టుపక్కల అందరికీ నమ్మకం. మూడు ఆదివారాలు, పొద్దు పొడవకముందే పోవాలి. గడప ముందు బోర్లా పడుకోవాలి. ఆమె ఎడమ మడమతో మూడుసార్లు నడుము రాస్తుంది. పైసా తీసుకోదు. ఒక్కటే కట్టడి: ఇల్లు వదిలిన దగ్గర్నుంచి, తిరిగొచ్చి సొంత కుండలో నీళ్లు తాగేదాకా నోరు విప్పకూడదు. విప్పితే తొక్కిన ఫలం పోతుంది. ఈ వైద్యం ఐలేశానికి బాగా నచ్చింది. పైస తీసుకోని మనిషిని కొనేది ఎట్లా?

మొదటి ఆదివారం కొంచెం తేలికనిపించింది. రెండో ఆదివారం మళ్లీ మొదటికొచ్చింది. మూడో ఆదివారం ఇంకొంచెం పెందలాడే పోయేసరికి గడప ముందు ఇంకొకడు అప్పటికే బోర్లా పడి ఉన్నాడు. సరే, జబ్బు తనకొక్కడికే వస్తుందా అనుకుని పక్కనే పడుకున్నాడు. జానమ్మ వచ్చి మొదట ఆ మనిషి నడుము మీద మడమ ఆనించింది. అతను పళ్లు బిగబట్టి మూలిగాడు. ఐలేశం తల తిప్పాడు.

రెండు జానల దూరంలో జంగయ్య ముఖం! చెంపకు మట్టి అంటుకుని, కళ్లు ఇంతింత చేసుకుని తననే చూస్తున్నాడు.

ఐలేశం లేద్దామనుకునేసరికి జానమ్మ కాలు అతని నడుము మీదికి వచ్చింది. తిడదామంటే కట్టడి. ఇద్దరూ బోర్లా పడి ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవటం తప్ప ఏం చేయగలరు!

తొక్కటం అయ్యాక జానమ్మ గడప మీద చతికిలబడి చెప్పింది. "మూడు వారాలు తొక్కిన బిడ్డా. పట్టు అయితే నా కాలికి పోవాలె. మీ ఇద్దరిది పట్టు కాదు. లోపట బొక్క కదిలింది. నా కాలితోని కాదు. దవాఖానోళ్లు ఏం చెప్పిండ్రో గది చెయ్యిండ్రి. ఒద్దన్న పని చెయ్యకుండ్రి."

ఊరికి దారి ఒక్కటే. ఇద్దరూ నడిచారు. ఒకడు ఎడమవైపు ఒరిగి, ఒకడు కుడివైపు ఒరిగి. ఒకడు ఆగితే ఇంకొకడు ఆగాడు. దారిలో ఒకచోట వాగు ఒడ్డున జారితే జంగయ్య చెయ్యి చాపాడు. ఐలేశం ఆ చెయ్యి పట్టుకోలేదు, చేతులూ మోకాళ్లూ ఆనించి పాకి ఎక్కాడు. ఒక్క మాట లేదు. ఇద్దరి కడుపుల్లోనూ మాటలు కుతకుతా ఉడుకుతున్నాయి గానీ, మూడు వారాల ఫలం ఎవరు పోగొట్టుకుంటారు? ఫలం లేదని ఆ ముసలమ్మ చెప్పినా సరే, కట్టడి కట్టడే.

ఇంటికి పోయి నీళ్లు తాగి ఐలేశం అన్న మొదటి మాట: "నాటకం!"

"ఏంది?" అన్నది అండాలు.

"జంగయ్య నాటకమాడుతున్నడు. నడుం మంచిగున్నోడే వచ్చి నా పక్కన పండుకున్నడు. ఈనికి గూడ నడుం పోయింది, దసరాకు రాడు అని నేను నమ్మాలె, నమ్మి ఇంట్ల కూసోవాలె. అప్పుడు ఎగిరి గంతేసి ఎత్తుతడు. ఆ ముసలిదాన్ని గూడ మాట్లాడుకున్నడు." చూడండి, పైస ముట్టని మనిషిని కూడా వదల్లేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా!

దసరా వచ్చింది. చావడి ముందు డప్పులు మోగుతున్నాయి. మాలీపటేల్ మడత పెట్టిన ఎర్ర రుమాలు చేతిలో పట్టుకుని గద్దె మీద కూర్చున్నాడు. పోయినేడు ఎత్తినవాడే ముందు గుండు మీద చెయ్యి వేయాలి, అది ఊరి నియమం, కాయిదా. పొద్దున్నే అండాలు ఏడవలేదు, అడ్డం పడలేదు. గొర్ల దొడ్డి ఊడ్చి, కొత్త చీర కట్టుకోకుండా వచ్చి ఆడవాళ్ల మధ్య నిలబడింది. ఐలేశం అది చూశాడు. అయినా కాళ్లు ఆగలేదు.

"ఐలేశం!" అని పిలిచాడు పటేల్.

ఐలేశం మట్టి తీసి అరచేతులకు రుద్దుకున్నాడు. గుండు ముందు కాళ్లు ఎడం చేసి నిలబడ్డాడు. వంగుతుంటే నడుములోంచి కుడికాలి మడమ దాకా మంట పాకింది. కాలు తనది కానట్టు తిమ్మిరెక్కింది. అప్పుడు, నిజం చెప్పాలంటే అప్పుడే మొదటిసారి, డాక్టరు కిటికీకి పెట్టి చూపించిన ఆ పూస తనదేనేమో అనిపించింది. కానీ ఇంతమంది చూస్తుండగా వంగిన నడుము ఎలా లేపటం? లేపితే రుమాలు జంగయ్యకు పోతుంది. ఐలేశం చేతులు గుండు కిందికి పోతున్నాయి.

జనంలోంచి జంగయ్య వచ్చాడు. వచ్చి, మెల్లగా, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించుకుని, గుండు మీద కూర్చున్నాడు.

డప్పులు ఆగిపోయాయి.

"లెవ్వురా" అన్నాడు ఐలేశం పళ్ల మధ్య నుంచి.

"లెవ్వ. ఎత్తితే నన్ను గూడ కలిపి ఎత్తు."

"ఏందిరా జంగయ్య, పండుగపూట తాగినవా?" అని అరిచాడు పటేల్.

"జర తాగిన పటేలా, కని గందుకు కాదు." జంగయ్య ఊరందరికీ వినిపించేటట్టు చెప్పాడు. "వీని నడుం పోయింది. నాది గూడ పోయింది. మోట తాడు తెగి బాయిగట్టున పడ్డ. తిరుమలగిరిల పీర్ సాబ్ నాకు ఏం చెప్పిండో వీనికి గదే చెప్పిండు. నల్లగొండ డాక్టర్ గదే చెప్పిండు. జానవ్వ గదే చెప్పింది. డాక్టర్ గదిలకెళ్లి వీడు బయటికొచ్చుడు చూసి నేనైతే ఈ ఐలేశమే పైసలిచ్చి అందరితోని చెప్పించిండనుకున్న. జానవ్వ గడప కాడ వీని మొకం చూసిన, నిజం గప్పుడు తెలిసింది. వీడు ఎత్తడు. వీడు ఎత్తకుంటే నా వంతు. నేను గూడ ఎత్త."

వెనకనుంచి ఎవడో, "ఆడలేక మద్దెల ఓడన్నదట!" అన్నాడు. ఊరంతా గొల్లున నవ్వింది. "పయిల్వాన్లు ముసలోళ్లయిండ్రు" అన్నాడు ఇంకొకడు. జంగయ్య తల వంచుకుని ఆ నవ్వులన్నీ కూర్చునే భరించాడు.

ఐలేశం ఇంకా వంగే ఉన్నాడు. తన గుట్టు బజారున పడిందన్న కోపం ఒకవైపు. ఇంకోవైపు అలవాటు కొద్దీ వెతుకుతున్నాడు: దీంట్లో వీడికి లాభమేమిటి? రుమాలా? తనే వద్దన్నాడు. పేరా? ఇంత ఊరిలో పరువు తీసుకున్నాడు. తను ఎత్తి పడిపోతే వచ్చే ఏటికి వీడికి అడ్డే లేదు, దాన్నీ వదులుకున్నాడు. ఎంత వెతికినా లాభం దొరకలేదు. ఇన్నేళ్లలో ఒక మనిషి చేసిన పనికి కారణం దొరక్కపోవటం ఐలేశానికి ఇదే మొదలు.

"నీకేం ఫాయిదారా?" అని అడిగాడు చివరికి, జంగయ్యకొక్కడికే వినిపించేటట్టు.

జంగయ్య తలెత్తాడు. "ఫాయిదానా? నువ్వు మంచాన పడితే నేను ఇగ ఎవని మీద గెలవాలెరా?"

ఐలేశం లేచి నిలబడదామనుకున్నాడు, నడుము లేవలేదు. జంగయ్య కొంచెం పక్కకు జరిగి గుండు మీద జాగా ఇచ్చాడు. ఐలేశం చెయ్యి ఆనించుకుని, మెల్లగా తిరిగి, ఆ పక్కన కూర్చున్నాడు. ఆడవాళ్లలో అండాలు చెంగుతో కళ్లు తుడుచుకోవటం అక్కణ్ణుంచి కనిపించింది.

ఆ ఏడు రుమాలు ఎవరి తలకూ ఎక్కలేదు. పటేల్ దాన్ని చంకలో పెట్టుకుని జమ్మికి బయలుదేరాడు. ఏడేళ్లలో మొదటిసారి ఊరు ఐలేశం వెనక కాకుండా, అతన్ని గుండు మీదే వదిలి ముందుకు నడిచింది. అది చూస్తుంటే అతనికి ఏడుపొచ్చింది. రాలేదని నేను చెప్పను. ఆ తర్వాత ఏళ్లలో వేరేవాళ్లు గుండెత్తారు, రుమాళ్లు చుట్టించుకున్నారు. ఐలేశం మాత్రం తన కాళ్ల మీద నడుస్తూ, గొర్ల వెనక ఊరి పొలిమేరలన్నీ తిరిగాడు. పొట్టేలు బావిలో పడితే నలుగురిని పిలిచేవాడు.

ఆ రోజు జమ్మి కొట్టుకుని అందరూ తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఇంకా గుండు మీదే ఉన్నారు. అండాలు పిడికెడు జమ్మి ఆకు తెచ్చి మొగుడి చేతిలో పెట్టి పక్కకు పోయింది. ఐలేశం ఆకును చాలాసేపు చూశాడు. సగం తుంచి జంగయ్య చేతిలో పెట్టాడు. జంగయ్య లేచాడు. ఐలేశాన్ని చెయ్యి పట్టి లేపాడు, ఈసారి ఐలేశం ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఏడేళ్ల అలాయ్ బలాయ్ బాకీ ఉంది కదా. జంగయ్య రెండు చేతులూ చాపాడు.

"జర మెల్లగరా" అన్నాడు ఐలేశం.

"గట్టిగ పట్టనులే. నాకు నొస్తది గదా" అన్నాడు జంగయ్య.

ఐలేశం ఆ మాట నమ్మాడు.